మ్యూజియం చూడటానికి తగిన అర్హతలు

కళను చూడటానికి రెండు కళ్ళు చాలునని ప్రపంచం చాలా కాలం నమ్మింది. ఆ నమ్మకం తప్పనీ, కళ్ళతో పాటు ఒక నోటిఫికేషన్, ఒక అర్హత పరీక్ష, ఒక గెజిటెడ్ సంతకం, కనీసం రెండు వాయిదాలు తప్పనిసరనీ నిరూపించిన ఘనత హైదరాబాదులోని అశోక్‌నగర్‌కు దక్కింది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, అక్కడి ‘శిఖరాగ్ర స్టడీ సర్కిల్’లో కళలు, సంస్కృతి అనే పాఠం చెప్పే ప్రేమ్‌సాగర్‌కు దక్కింది. ఆయన ఈ ఘనతను ఇంతవరకూ ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. (ఎవరూ అడగలేదు కూడా.)

ప్రేమ్‌సాగర్‌కు నలభై ఒకటి. హుస్నాబాద్ దగ్గరి ఊరి నుంచి ఇరవై రెండో ఏట, ఏడాదిలో సర్కారు కొలువు కొట్టేసి వెళ్ళిపోదామని సంచీ తగిలించుకుని వచ్చాడు. పదకొండేళ్లు పరీక్షలు రాశాడు. అందులో కొన్ని జరిగాయి, కొన్ని జరిగి రద్దయ్యాయి, ఒకటి మాత్రం జరిగిందో లేదో ఇప్పటికీ తేలలేదు. చివరికి వయోపరిమితి దాటిపోయింది. మర్నాడే అదే గదిలో బెంచీ మీద నుంచి లేచి బోర్డు దగ్గర నిలబడ్డాడు. అశోక్‌నగర్‌లో దీన్ని పదోన్నతి అంటారు.

ఆయన రాసిన ‘కళలు, సంస్కృతి: పన్నెండు వందల బిట్లు’ అనే పుస్తకం ఆ వీధిలో ప్రతి హాస్టల్ మంచం కిందా ఉంటుంది. అందులో నగరానికి ఆ చివర ఉన్న దక్కన్ కళానిధి మ్యూజియం మీదే నూట ఎనభై బిట్లున్నాయి. మ్యూజియానికి కిటికీలెన్ని, మెట్లెన్ని, గడియారం ఎవరు బహూకరించారు, ఏ గదిలో ఏ విగ్రహం ఎటు చూస్తుంది, అన్నీ ఆయన నిద్రలో అడిగినా చెబుతాడు. మ్యూజియాన్ని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. చూడకూడదని కాదు. చిక్కడపల్లిలో ఆయన అద్దెగది నుంచి బస్సులో పట్టుమని ముప్పావుగంట కూడా పట్టదు. అంత దగ్గరున్నదాన్ని ఎప్పుడైనా చూడొచ్చు కదా అని పంతొమ్మిదేళ్లు ఆగాడు.

ఆ జూలైలో ఒక మంగళవారం, క్లాసు మధ్యలో మంజుల లేచి నిలబడింది. ఖానాపూర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. పనికొచ్చే ప్రశ్నను పనికిరాని సమయంలో అడగడం ఆమె ప్రత్యేకత.

“సార్, మెట్లు ముప్పై రెండన్నరు గదా. మీరు ఎక్కిన్రా?”

గదిలో డెబ్బై మంది ఉన్నారు. మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అవి కూడా ఒక్క క్షణం ఆయన వైపే చూసినట్టనిపించింది.

“ఎక్కిన” అన్నాడు ప్రేమ్‌సాగర్.

“ఎన్నిసార్లు సార్?”

“మూడో నాలుగో సార్లు.” (అబద్ధం చెప్పేటప్పుడు కూడా రెండు ఆప్షన్లు ఇవ్వడం ఆయన వృత్తి ధర్మం.)

“అయితే మమ్మల్ని గూడ తీస్కపోన్రి సార్. చదివి చదివి పరేషాన్ అయితున్నం. ఒక్కసారి కండ్లతోని చూస్తే మస్తు యాదుంటది.”

డెబ్బై మంది చప్పట్లు కొట్టారు. ప్రేమ్‌సాగర్ చిరునవ్వు నవ్వాడు. వారం రోజుల్లో మరిచిపోతారులే అనుకున్నాడు. అశోక్‌నగర్‌లో పంతొమ్మిదేళ్లు బతికిన మనిషి అలా అనుకోవడం అతని జీవితంలోని పెద్ద పొరపాట్లలో రెండోది. (మొదటిది కూడా ఈ కథలోనే ఉంది. కాసేపట్లో వస్తుంది.) అక్కడి పిల్లలు అన్నం తినడం మరిచిపోతారు, స్నానం మరిచిపోతారు. సన్నద్ధం కాదగిన విషయాన్ని మాత్రం ఎన్నడూ మరిచిపోరు.

సాయంత్రానికల్లా బాధ్యత కుమారస్వామి చేతిలోకి వెళ్ళింది. కుమారస్వామికి ముప్పై మూడు. తొమ్మిదేళ్ల నుంచి అభ్యర్థి. పరీక్షలు పెట్టేవాళ్లకు తెలియని నిబంధనలు కూడా అతనికి తెలుసు. తనకంటే చిన్నవాళ్లు అతన్ని ‘జీవో అన్న’ అంటారు. మర్నాడు పొద్దున క్లాసు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. పైన ‘మ్యూజియం సందర్శన నోటిఫికేషన్’ అనీ, కింద ‘ఈ ప్రకటనను కారణం చెప్పకుండా రద్దు చేసే హక్కు కలదు’ అనీ ఉంది. మధ్యలో ఏముందో ఎవరూ చదవలేదు. అందరూ నేరుగా దరఖాస్తు ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

“ఏందిది కుమారస్వామీ?” అన్నాడు ప్రేమ్‌సాగర్. “మ్యూజియంకు పోవుడే గదా. పొద్దుగాల బస్సెక్కి పోతే అయిపోతది.”

కుమారస్వామి జాలిగా చూశాడు. “గట్ల ఎట్ల పోతం సార్? రేపు ఎవ్వడన్న కోర్టుకు పోతే?”

కోర్టు మాట వినగానే ప్రేమ్‌సాగర్ తలూపాడు. పైగా లోలోపల కొంచెం హాయిగా కూడా ఉంది. పద్ధతి ప్రకారం మొదలైన పని ఏదీ తొందరగా పూర్తి కాదని ఆయనకు అనుభవం.

మ్యూజియం వాళ్లకు ‘కళాదర్శిని’ అనే యాప్ ఉంది. ఆయన దాన్ని దించుకున్నాడు. పేరు, పుట్టినతేదీ అయ్యాక, “మీరు కళను ఎందుకు చూడదలిచారు?” అని అడిగింది. విద్య, పరిశోధన, వినోదం, ఇతరములు. ప్రేమ్‌సాగర్ చాలాసేపు ఆలోచించాడు. అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి అనే ఆప్షన్ లేదు. ఇతరములు నొక్కాడు. “ఇతరములు అనగా ఏమి? రెండు వందల అక్షరాలకు తగ్గకుండా వివరించుము” అంది యాప్. వెనక్కి వచ్చి విద్య నొక్కాడు. “విద్యాసంస్థల వారు ఫోనులో సంప్రదించవలెను” అని చెప్పి యాప్ తన బాధ్యత తీర్చుకుని మూసుకుపోయింది.

ఫోను ఎత్తినామె పేరు విద్యావతి. ఆమె హోదా సందర్శనా సమన్వయాధికారి.

“ఎంతమంది వస్తున్నారండీ?”

“ముప్పై నలభై మంది మేడమ్.”

“గ్రూపు అంటే పదిహేను మందండీ.”

“పద్నాలుగైతే?”

“పద్నాలుగైతే గ్రూపు కాదు, గుంపు. గుంపుకు స్లాట్ ఉండదు.”

“పదహారైతే మేడమ్?”

“పదహారైతే సభ అవుతుంది. దానికి పోలీసు అనుమతి తెచ్చుకోవాలి.” ఆమె గొంతులో విసుగు లేదు, వెటకారం లేదు. పదిహేను అనే అంకె మీద నిష్కల్మషమైన గౌరవం మాత్రం ఉంది. “పదిహేను మంది పేర్లు గెజిటెడ్ అధికారి ధ్రువీకరించి, సంతకం, ముద్ర వేసి పంపండి.”

ఇక్కడ అశోక్‌నగర్‌కు ఒక చిత్రమైన చిక్కు వచ్చింది. ఆ వీధిలో గెజిటెడ్ అధికారి కాబోయేవాళ్లు ఏ చాయ్ బండి దగ్గర చూసినా ఇరవై మంది ఉంటారు. అయినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. అయినవాడు మర్నాడే గది ఖాళీ చేస్తాడు. రెండు వారాలు వెతికాక, ప్రేమ్‌సాగర్ పాత శిష్యుడు సుమంత్ అనే పశువైద్యాధికారి నారాయణగూడ వైపు ఉంటున్నాడని తెలిసింది. వెళ్లేసరికి సుమంత్ ఒక ఆల్సేషియన్‌కు సూది వేస్తున్నాడు. కుక్కను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గురువుగారి కాగితం అందుకుని, అలవాటు ప్రకారం గబగబా రాసి, సంతకం చేసి ముద్ర కొట్టి ఇచ్చాడు. బయటికొచ్చాక చదివితే, “పైన పేర్కొన్న పదిహేనూ ఆరోగ్యముగా ఉన్నవి. తరలించవచ్చును” అని ఉంది. ప్రేమ్‌సాగర్ వెనక్కి వెళ్లి దిద్దించుకుందామనుకున్నాడు. కానీ ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించలేదు. విద్యావతి గారికి కూడా కనిపించలేదు.

(ఆ పదిహేను పేర్లను అప్పటికి పెన్సిల్‌తో రాశారు. చెరిపి మళ్లీ రాసుకునే సదుపాయం కుమారస్వామి ముందుచూపు.)

ఎందుకంటే దరఖాస్తులు నలభై మూడు వచ్చాయి. సారును తీసేస్తే ఖాళీలు పద్నాలుగు. కాబట్టి స్క్రీనింగ్ పరీక్ష పెట్టక తప్పలేదు. మ్యూజియం చూడటానికి వెళ్లాలంటే మ్యూజియం గురించి అన్నీ తెలిసి ఉండాలి. తెలియనివాళ్లు వెళ్లి ఏం చేస్తారని కుమారస్వామి వాదన. మొదటి తేదీ బ్యాంకు పరీక్షతో కలిసిందని ఎనిమిది మంది స్టడీ సర్కిల్ మెట్ల మీద బైఠాయించారు. రెండో తేదీ అసలు ఏ పరీక్షతోనూ కలవలేదు. అంత ఖాళీ తేదీ ఇస్తే ప్రిపేర్ అయ్యే మూడ్ రాదని ఇంకో ఆరుగురు కూర్చున్నారు. స్టడీ సర్కిల్ యజమాని ఓదెలు పైకి రావడానికి దారి లేక, కింద జిరాక్స్ షాపులో కూర్చుని ఫోను చేశాడు.

“ప్రేమ్‌సాగర్ సార్, గిదేంది? నా మెట్ల మీద నాకే ధర్నానా?”

“వాయిదా వేస్తున్న సార్. లేస్తరు.”

వాయిదా పడిన ప్రతిసారీ ప్రేమ్‌సాగర్ రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాడు. తన అబద్ధానికి ఆయుష్షు పెరుగుతోంది. ఈలోగా ఒంటరిగా వెళ్లి, గుట్టుచప్పుడు కాకుండా ఒకసారి చూసి వచ్చేస్తే అబద్ధం వెనకటి తేదీతో నిజమైపోతుంది కదా అని కూడా అనుకున్నాడు. రెండుసార్లు బయలుదేరాడు. మొదటిసారి వాన వచ్చింది. రెండోసారి వాన రాలేదు. నారాయణగూడలో బస్సు కోసం నిలబడ్డాడు. బస్సు వచ్చింది, ఆగింది, సీటు కూడా ఖాళీగా ఉంది. కండక్టర్ “ఎక్కుతవా అన్నా?” అన్నాడు. ప్రేమ్‌సాగర్ ఎక్కలేదు. ఎనిమిదేళ్లు తన నోటితో చెబుతూ వచ్చిన ఇంటికి మొదటిసారి వెళ్లి తలుపు కొట్టాలంటే ఒక రకమైన సిగ్గు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తిని, నడిచి చిక్కడపల్లి చేరుకున్నాడు.

స్క్రీనింగ్ పరీక్ష ఆగస్టు మూడో వారంలో జరిగింది. కీ విడుదలైంది. అభ్యంతరాలు వచ్చాయి. రెండు ప్రశ్నలు తొలగించి, ఒకదానికి అందరికీ మార్కు కలిపాక, పద్నాలుగు మంది తేలారు. మొదటి ర్యాంకు కుమారస్వామిది. (పేపరు తయారు చేసింది కూడా అతనే. దానిపై వచ్చిన అభ్యంతరాన్ని అతనే పరిశీలించి తిరస్కరించాడు.) పద్నాలుగో ర్యాంకు మంజులది.

సెప్టెంబరు రెండో బుధవారం, మధ్యాహ్నం రెండుంపావు నుంచి మూడింటి దాకా స్లాట్. ప్రేమ్‌సాగర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ ఫైలులో అనుమతి పత్రం, పశువైద్యాధికారి ధ్రువీకరణ, పదిహేను ఆధార్ నకళ్లు, ఒక్కొక్కరివి రెండేసి ఫొటోలు పెట్టుకుని, పద్నాలుగు మందిని వెంటేసుకుని గేటు దగ్గర దిగాడు. గేటు పక్కన స్టూలు మీద హనుమప్ప అనే గార్డు కూర్చుని జామకాయ తింటున్నాడు.

“మాది రెండుంపావు గ్రూపు” అన్నాడు ప్రేమ్‌సాగర్ ఫైలు చాస్తూ.

“పోన్రి లోపటికి” అన్నాడు హనుమప్ప.

“కాగితాలు చూడవా అన్నా?”

“ఏం కాగితాలు? కౌంటర్ల టికెట్ తీస్కోన్రి, పోన్రి. ఇయ్యాల జనమే లేరు.”

“పదిహేను మందిమే ఉన్నం. లెక్కపెట్టుకో.”

“ఉంటే ఉన్నరు.”

ప్రేమ్‌సాగర్‌కు ప్రాణం ఉసూరుమంది. రెండు నెలల శ్రమ. “జర ఒక్కసారి చూడన్నా. గెజిటెడ్ సంతకం గూడ ఉన్నది” అని బతిమాలాడు. హనుమప్ప జామకాయ పక్కన పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, ఫైలు తెరిచి, పైకాగితం శ్రద్ధగా చదివాడు.

“ఆరోగ్యంగ ఉన్నయట గదా. మంచిగున్నది. పోన్రి.”

మెట్లు ముప్పై రెండు లేవు. పద్నాలుగున్నాయి. మిగతావాటి స్థానంలో ఒక ర్యాంపు ఉంది. పద్నాలుగు మందీ సారు వైపు చూశారు. “ఇది ఈమధ్య మార్చిన్రు. నోట్ చేస్కోన్రి” అన్నాడాయన. పద్నాలుగు పెన్నులు కదిలాయి. లోపల ఎడమకు తిరిగితే శిల్పాల గది రావాలి. ప్రేమ్‌సాగర్ ధీమాగా ఎడమకు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నడిచి, అందరినీ మరుగుదొడ్ల ముందు నిలబెట్టాడు. అక్కడ కూడా ఇద్దరు నోట్ చేసుకున్నారు.

“నాలుగుసార్లు వచ్చినన్నరు గదా సార్?” అంది మంజుల, మెల్లగా.

“అప్పుడు ఇటు తలుపు లేకుండె” అన్నాడాయన. అనేటప్పుడు ఆమె మొహం చూడలేదు.

చివరికి శిల్పాల గది దొరికింది. నడుమ, అద్దం పెట్టె లేకుండా, ఎత్తు పీఠం మీద నిలబడి ఉంది ‘నీళ్లు మోసే స్త్రీ’. తెల్లగా, నిలువెత్తు మనిషంత. నెత్తిన బిందె. ప్రేమ్‌సాగర్‌కు ధైర్యం వచ్చింది. ఇది ఆయన సొంత ఇలాకా. గొంతు సవరించుకున్నాడు.

“చూడున్రి. నీళ్లు మోసే స్త్రీ. ఏకశిల. పాలరాయి. పరీక్షల అడిగే ఛాన్స్ మస్తున్నది.”

మంజుల శిల్పం ముందు నిలబడలేదు. వెనక్కి వెళ్లింది. ముందు నుంచి చూసేవాళ్లకు కనిపించని చోట, భుజం కింద వంగి చూసింది.

“సార్, ఇది కట్టె.”

“ఏంది?”

“కట్టె సార్. టేకు. ఇగో ఇక్కడ పూత లేసింది. మా నాయిన వడ్లపని చేస్తడు, తలుపులు చెక్కుతడు, నాకు తెల్వదా? పైన సుద్ద పూసిన్రు, అందుకే తెల్లగున్నది.”

“పాలరాయికి గూడ గట్లనే చారలుంటయి” అన్నాడు ప్రేమ్‌సాగర్.

కుమారస్వామి పీఠం కింద ఉన్న ఇత్తడి పలకను చదివాడు. “టేకు చెక్క, సుద్ద పూత. శిల్పి పేరు తెలియదు.” చదివి తలెత్తాడు. “సార్, మరి బోర్డు తప్పా, బుక్కు తప్పా?”

బోర్డు తప్పు అని ప్రేమ్‌సాగర్ నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. పద్నాలుగు మంది పెన్నులు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఏది చెబితే అది రాసుకుంటారు. వాళ్ల కళ్ళ ముందు టేకు చెక్క ఉంది, అయినా ఆయన రాయి అంటే రాయి అనే రాసుకుంటారు. ఆ నమ్మకం చూసి జీవితంలో మొదటిసారి ఆయనకు భయం వేసింది.

“నేను ఎప్పుడు రాలేదు” అన్నాడు. “ఇదే మొదటిసారి. ఒక్కసారి గూడ చూడలే.”

 మంజుల, “మరుగుదొడ్ల కాడనే తెల్సింది సార్” అంది. కోపంగా అనలేదు. “ఇటు రాన్రి, చూపిస్త.”

ఆయన వెనక వైపు వెళ్లాడు. ఆమె ముట్టుకోకుండా, వేలు దూరంగా పెట్టి చూపించింది. కొమ్మ చీలిన చోట కణుపు ఉంటుందట. మామూలు వడ్రంగైతే దాన్ని చెక్కి పారేస్తాడట. ఈ శిల్పి కణుపును తీసుకొచ్చి సరిగ్గా మోచేతి దగ్గర నిలిపాడు. మోచేయి ఎముకలా పొడుచుకొచ్చి ఉంది. చెక్క నరాలు నడుము దగ్గర మెలితిరిగాయి, అక్కడే ఆ స్త్రీ బిందె బరువుకు ఒరిగింది. కుడికాలి బొటనవేలు నేల నుంచి కొంచెం లేచి ఉంది. బిందె ఒలికిపోతుందేమోనని చేతిని పైకెత్తబోతూ, ఆపుకున్న నవ్వుతో పెదవి ఒక పక్కకు పోయింది. పన్నెండు వందల బిట్లలో ఒక్కదాంట్లో కూడా ఆ నవ్వు లేదు. ఎట్లా ఉంటుంది? నాలుగు ఆప్షన్లలో ఇమిడేది కాదు.

మూడయ్యేదాకా పదిహేను మందీ అక్కడే ఉన్నారు. మిగతా ఇరవై మూడు గదులు చూడలేదు. ఎవరో ఒకరు బొటనవేలు చూడమనేవారు, ఇంకొకరు మెడ చూడమనేవారు. కుమారస్వామి పుస్తకం మూసి సంచీలో పెట్టుకోవడం ప్రేమ్‌సాగర్ గమనించాడు. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. తిరుగు బస్సులో ఎవరో పాట అందుకున్నారు. ఆయన కిటికీ పక్కన కూర్చుని, తప్పు ఒప్పుకోవడం ఇంత సులువని తెలిస్తే ముందే నాలుగు తప్పులు ఒప్పుకునేవాణ్ణి కదా అనుకున్నాడు. సులువని అనుకోవడం తొందరపాటు.

ఎందుకంటే మర్నాడు, ఈ పాలరాయి అసలు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆరా తీయడానికి ఆయన చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లాడు. పోటీ పరీక్షల పుస్తకాలు ఆరింట్లో ఆ శిల్పం ఉంది. ఆరూ రాయి అనే అన్నాయి. ప్రాణం కుదుటపడింది. తప్పు చేసినవాడికి తోటివాళ్లు దొరకడం కంటే ఓదార్పు ఏముంటుంది? కానీ ఆరింట్లోనూ అది ‘పాలరయి’ అని, ‘రా’కు దీర్ఘం లేకుండా ఉంది.  ఆ దీర్ఘం ఎక్కడ పోయిందో ఆయనకు తెలుసు. ఏడేళ్ల కిందట, తన పుస్తకం మొదటి ముద్రణలో, నూట పన్నెండో పేజీలో, డీటీపీలో పోయింది. దిద్దుదామనుకుని దిద్దలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఓదెలు సారు ఎక్కడి నుంచో తెచ్చిన మ్యూజియం కరపత్రానికి జిరాక్స్. జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్. అందులో బొమ్మ తెల్లగా ఉంది. దేనితో చేశారో రాసిన చోట సిరా మరక. పొద్దున్నే ప్రెస్సుకు ఇవ్వాలి. తెల్లగా ఉంది కాబట్టి పాలరాయి అని రాసేశాడు. (మొదటి పొరపాటు వస్తుందని చెప్పాను కదా, ఇదే.) ఆరుగురు రచయితలు దాన్ని చూసి రాశారు. వాళ్లను చూసి ఇంకెందరు రాశారో లెక్క లేదు. ఒక రాష్ట్రంలోని నిరుద్యోగులందరూ ఒక చెట్టును ఏడేళ్లుగా రాయి అని బట్టీ పడుతున్నారు.

అక్టోబరు చివర ఒక నియామక పరీక్ష జరిగింది. ఏ పరీక్ష అన్నది ఇక్కడ అప్రస్తుతం. (ఏదైనా ఇలాగే జరిగేది.) తొంభై ఆరో ప్రశ్న: ‘నీళ్లు మోసే స్త్రీ శిల్పము దేనితో చేయబడినది?’ నల్లరాయి, పాలరయి, కంచు, ఎర్రమట్టి. దీర్ఘం లేదు.

సాయంత్రం పిల్లలు గదికి వచ్చారు. కుమారస్వామి పాలరాయే దిద్దాడు. “తొమ్మిదేండ్ల సంది నేను చూసింది రాస్తలేను సార్, వాళ్లు అడిగింది రాస్తున్న” అన్నాడు. మంజుల ఖాళీగా వదిలేసింది.

“ఎందుకమ్మా వదిలినవ్? ఒక మార్కు. ఒక్క మార్కుకు ఎన్ని వందల మంది ఉంటరో ఎరుకేనా?”

“ఎరుకే సార్. చెట్టును చూసొచ్చి రాయి అని ఎట్ల దిద్దాలె? చెయ్యి రాలే.”

ప్రేమ్‌సాగర్ ఆ మాట తర్వాత అన్నం తినలేకపోయాడు. తాను పదకొండేళ్లు రాసిన పరీక్షల్లో ఎన్ని చెట్లను రాళ్లన్నాడో, ఎన్ని రాళ్లను చెట్లన్నాడో. మర్నాడు అభ్యంతరాల ఫారం దించుకున్నాడు. ‘ఆధారముగా ఫొటోలు చెల్లవు. ప్రామాణిక ముద్రిత గ్రంథము లేదా సంబంధిత సంస్థ ధ్రువపత్రము జతచేయవలెను’ అని ఉంది. ముద్రిత గ్రంథాల సంగతి తెలిసిందే. విద్యావతి గారికి ఫోను చేశాడు.

“మేడమ్, ఆ శిల్పం చెక్కదని ఒక ధ్రువపత్రం కావాలె.”

“వస్తువు గురించిన ధ్రువపత్రం ఆ వస్తువు యజమానికే ఇస్తామండీ.”

“యజమాని ఎవరు మేడమ్?”

“మ్యూజియం.”

“మరి మ్యూజియమే మ్యూజియంను అడగొచ్చు గదా.”

“మాకు అనుమానం లేదు కదండీ” అంది విద్యావతి ఓపికగా. “లేనప్పుడు మేమెందుకు అడుగుతాం?”

ఇక మిగిలింది నిజం ఒక్కటే. ప్రేమ్‌సాగర్ తెల్లకాగితం తీసుకున్నాడు. నేను ఫలానా అని, ఆ పుస్తకం రాసింది నేనేనని, ఆ రోజుకు నేను మ్యూజియం చూడలేదని, జిరాక్స్‌లో తెల్లగా ఉందని రాయి అనుకున్నానని, దీర్ఘం పోవడానికి కూడా బాధ్యుణ్ణి నేనేనని, మిగతావాళ్లందరూ నన్ను చూసి రాశారని, శిల్పం టేకుదని కళ్లారా చూశానని, ఒక అమ్మాయి నిజం తెలిసి ఖాళీగా వదిలేసిందని, ఆమెకు ఆ మార్కు ఇవ్వాలని రాశాడు. మూడు పేజీలైంది. పదకొండేళ్ల పరీక్షల్లో కూడా ఇంత నిజాయితీగా ఏ జవాబూ రాయలేదు. ఆధార్ నకలు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు.

నలభై రోజులకు జవాబు వచ్చింది. మంజుల, కుమారస్వామి పక్కన నిలబడి ఉండగా గదిలోనే కవరు చింపాడు. నాలుగు వరుసలున్నాయి. బయటికే చదివాడు.

“తొంభై ఆరవ ప్రశ్నపై తమరి అభ్యంతరమును నిపుణుల కమిటీ కూలంకషముగా పరిశీలించి తిరస్కరించినది. సదరు శిల్పము పాలరాయిదే అనుటకు ప్రామాణిక ఆధారము: ‘కళలు, సంస్కృతి: పన్నెండు వందల బిట్లు’, పుట 112, రచయిత శ్రీ ప్రేమ్‌సాగర్. సదరు గ్రంథకర్తతో విభేదించుటకు తగిన అర్హత తమరికి ఉన్నట్లు ఎట్టి రుజువులూ జతపరచలేదు.”